ముడుపులో 150 తక్కువ: పిల్లల తప్పును పిల్లలే దిద్దుకునేలా చేయడం ఎలా

పోయిన ఏడాది ఒక శనివారం పొద్దున మా అత్తమ్మ పూజగదిలో పసుపుగుడ్డ మూట విప్పి లెక్కపెట్టింది. తిరుమల ముడుపు అది. ప్రతి శనివారం అందులో ఎంతో కొంత వేసి, మళ్ళీ ముడివేసి, స్వామి పటం వెనక పెడుతుంది. ఆ రోజు లెక్క తేలలేదు. మూడుసార్లు లెక్కపెట్టినా 150 రూపాయలు తక్కువే. మా పదమూడేళ్ళ పెద్దోడేమో మిద్దె మీద కూర్చుని బ్యాటుకు గ్రిప్పు ఎక్కిస్తున్నాడు. ఆ గ్రిప్పు కొత్తది.

"కళ్ళు పోతాయిరా నీకు" అంది అత్తమ్మ. మా ఆయన చెయ్యెత్తాడు. నేను "వీణ్ణి హాస్టల్లో పడేస్తేగానీ దారికి రాడు" అన్నాను. ఒక్క నిమిషంలో ముగ్గురం మూడు రకాలుగా చెడగొట్టాం. ఆయన చెయ్యి వీపు మీద పడింది కూడా, రెండుసార్లు. వాడు ఏడ్చాడు, సాయంత్రానికి మామూలై క్రికెట్‌కు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు తట్టింది ఇదీ. రెండు దెబ్బలు తినేశాక వాడి లెక్కలో బాకీ తీరిపోయింది. ముడుపులో మాత్రం 150 అలాగే తక్కువుంది.

అప్పట్నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చుకున్నాం. నేను డాక్టర్నీ కాదు, కౌన్సిలర్నీ కాదు. తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే మిషన్ కుట్టుకునే ఇద్దరు పిల్లల తల్లిని. చదివింది కొంత, దెబ్బతిని నేర్చుకున్నది ఎక్కువ. ఆ వరసలోనే రాస్తున్నా.

మొదటి అడుగు: ముందు మీ కోపం దిగాలి

ఇందులో పెద్దగా చెప్పేదేమీ లేదు. కోపంలో ఉన్నప్పుడు మనం వేసే శిక్ష తప్పును బట్టి ఉండదు, ఆ రోజు మనకున్న టెన్షన్‌ని బట్టి ఉంటుంది. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిన రోజు గ్లాసు పగిలితే ఒక తిట్టు, జీతం పడిన రోజు పగిలితే ఇంకో తిట్టు. పిల్లలు దీన్ని మనకంటే ముందే కనిపెడతారు.

అందుకే పెద్ద పిల్లలతో "ఇది రాత్రి భోజనాలయ్యాక మాట్లాడదాం" అని టైం చెప్పి పక్కకు వెళ్ళండి. చెప్పిన టైంకి తప్పకుండా మాట్లాడండి, లేకపోతే అమ్మ మర్చిపోయిందిలే అనుకుంటారు. ఐదారేళ్ళలోపు పిల్లలకు ఇది పనికిరాదు. పొద్దున చేసిన పనికి రాత్రి మాట్లాడితే వాళ్ళకు ఏ పనో గుర్తే ఉండదు. వాళ్ళతో అప్పటికప్పుడే, ఒక్క మాటలో చెప్పాలి.

ఇంకొకటి. చుట్టాల ముందు, వీధిలో, ట్యూషన్ స్నేహితుల ముందు పంచాయితీ పెట్టొద్దు. నలుగురిలో నిలబెట్టి అడిగితే పిల్లవాడి బుర్ర పరువు కాపాడుకోవడం మీదే ఉంటుంది, చేసిన తప్పు మీదికి రాదు.

రెండో అడుగు: తెలిసిన సంగతిని తెలియనట్టు అడగొద్దు

ఇది నేను చాలా ఏళ్ళు చేసిన తప్పు. చాక్లెట్ రేపర్ చేతిలో పెట్టుకుని "నువ్వు తిన్నావా?" అని అడిగేదాన్ని. లేదు అనేవాళ్ళు. అప్పుడు ఒక తప్పు రెండయ్యేది: తిన్నందుకొకటి, అబద్ధమాడినందుకొకటి. రెండోది నేను చేతులారా ఆడించిందే.

తెలిసినప్పుడు తెలుసనే చెప్పండి. ముడుపు విషయంలో ఆ మరుసటి రోజు రాత్రి నేను అన్నది ఇది: "అవ్వ ముడుపులో 150 తగ్గింది. తీసింది నువ్వేనని నాకు తెలుసు. ఎందుకు తీశావో చెప్పు, వింటాను." చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. టీమ్‌లో అందరి బ్యాట్లకూ కొత్త గ్రిప్పులున్నాయి, వీడిదొక్కటే చిరిగిపోయింది, "నీ బ్యాటు ముసల్దిరా" అని ఏడిపిస్తున్నారు. గ్రిప్పు కొనగా మిగిలిన డబ్బుతో బండి దగ్గర నూడుల్స్ తిన్నాడు.

కారణం విన్నంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు. కానీ వాడికి గ్రిప్పు కావాలని ఇంట్లో అడిగే ధైర్యం లేదని నాకు ఆ రోజే తెలిసింది. అడిగితే "ఇప్పుడెందుకురా" అంటానని వాడికి ముందే తెలుసు. ఆ మాట నిజంగానే నేను రోజుకు పదిసార్లు అంటాను.

ఇక్కడ మన తిరుపతి, చిత్తూరు వైపు అలవాటు ఒకటి చెప్పాలి. ఏ చిన్న గొడవకైనా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అనేయడం మనకు నోటికొచ్చిన మాట. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెప్పినవాడికి మంచి జరగదని నమ్మకం. పెద్దవాళ్ళ తగాదాలకు దాని విలువ దానికుంది. పిల్లల మీద మాత్రం వాడకండి. భయంతో నిజం చెప్పిన పిల్లవాడు రెండోసారి భయం లేనిచోట అబద్ధం చెబుతాడు. పైగా మా చిన్నది ఒకసారి అబద్ధపు ప్రమాణం చేసి, కళ్ళు పోతాయేమోనని మూడు రాత్రులు నిద్రపోలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత శిక్ష వేసేంత తప్పేమీ లేదు, పెన్సిల్ బాక్సు పోగొట్టుకుంది, అంతే.

నిజం చెప్పినందుకు ఏదో ఒక ఊరట దొరకాలి. "నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి దీన్ని మనిద్దరం కూర్చుని సరిచేద్దాం" అన్న మాట చాలు. తప్పుకు మాఫీ ఇవ్వక్కర్లేదు.

మూడో అడుగు: ఇది తప్పా, పొరపాటా, వయసా?

పాలు ఒలకడం పొరపాటు. చెల్లి మీద కావాలని పాలు పోయడం తప్పు. రెండేళ్ళ పిల్ల గిన్నెలన్నీ కిందికి లాగడం వయసు. మూడింటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్ళలోపు పిల్లలు చేసింది ఏదీ నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య వాళ్ళకైతే, ఆ పని ఏమిటో, దాని పర్యవసానం ఏమిటో అర్థమయ్యేంత బుద్ధి వచ్చిందా లేదా అని చూస్తారు. పాత శిక్షాస్మృతిలోనూ ఇదే ఉండేది. కోర్టు ఇంత ఆలోచిస్తుంటే, వంటింట్లో మనం కాస్తయినా ఆలోచించొద్దా!

నా లెక్క ఇలా ఉంటుంది. మూడేళ్ళలోపు అయితే శిక్ష, సంజాయిషీ ఏమీ లేవు. వస్తువు అందకుండా పెట్టడం, పిల్లను ఎత్తుకుని పక్కకు తీసుకెళ్ళడం, అంతే. నాలుగు నుంచి ఆరు వరకు, చెడగొట్టింది మనతో కలిసి అప్పుడే సర్దాలి. కాసేపు ఆట నుంచి పక్కన కూర్చోబెట్టాలంటే వయసుకు ఒక నిమిషం చొప్పున చాలంటారు. నాలుగేళ్ళ పిల్లకు నాలుగు నిమిషాలు. గది తలుపు వేసి చీకట్లో కూర్చోబెట్టడం వేరు, అది చేయకండి. ఏడు నుంచి పదకొండు వరకు నష్టం ఎవరికి జరిగిందో వాళ్ళే చెప్పగలరు, దిద్దుబాటు కూడా వాళ్ళనే అడగొచ్చు. పన్నెండు దాటాక డబ్బు, ఫోను, బయట తిరుగుళ్ళు వస్తాయి. అక్కడ ముందే మాట్లాడుకున్న షరతులు ఉండాలి.

ఆకలి, నిద్ర కూడా చూడండి. స్కూలు, ఆ తర్వాత ట్యూషను, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఆ టైంలో ఎదురు మాట్లాడిన పిల్లవాడికి ముందు అన్నం పెట్టండి. సగం గొడవలు కంచం దగ్గరే తీరిపోతాయి.

నాలుగో అడుగు: చెడగొట్టింది ఎవరో బాగుచేసేది వాళ్ళే

అసలు విషయమంతా ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

వియన్నాలో పుట్టి షికాగోలో స్థిరపడిన రూడాల్ఫ్ డ్రైకర్స్ అనే మానసిక వైద్యుడు పిల్లల విషయంలో రెండు రకాల ఫలితాలను విడదీసి చెప్పాడు. ఒకటి దానంతటదే వచ్చేది: గొడుగు మర్చిపోతే తడుస్తారు. రెండోది పెద్దవాళ్ళు ఏర్పాటు చేసేది, కానీ చేసిన పనితో నేరుగా సంబంధం ఉన్నది: గోడ మీద గీస్తే గోడ తుడవాలి. మన పెద్దలు "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నది మొదటి రకం. ఇంట్లో మనకు ఎక్కువగా కావలసింది రెండోది.

సంబంధం లేని శిక్షే మన ఇళ్ళలో ఎక్కువ. చెల్లిని కొట్టాడు కాబట్టి టీవీ బంద్. మార్కులు తగ్గాయి కాబట్టి పుట్టినరోజు లేదు. టీవీకీ దెబ్బకీ ఏమిటి సంబంధం? వాడు టీవీ పోయిందని ఏడుస్తాడు తప్ప చెల్లి చెయ్యి వాచిందని బాధపడడు.

మూడు ప్రశ్నలు వేసుకోండి. పోయింది ఏమిటి? ఎవరికి పోయింది? దాన్ని తిరిగి ఎలా తేవచ్చు? ముడుపు విషయంలో పోయింది 150 రూపాయలు, పోయింది అవ్వకు, ఆమె చెప్పినట్టయితే స్వామికి. వాడికి వారానికి 50 రూపాయలు ఇస్తాం. అందులో 30 కోత, 20 చేతికి. ఐదు వారాలకు 150. పాల లెక్క రాసే నోటుబుక్కు వెనక పేజీలో వాడి చేతే ఐదు గళ్ళు గీయించి, వారం వారం టిక్కు పెట్టించాం. 50కి 50 కోసేయమని మా ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చేతిలో ఒక్క రూపాయి లేని పిల్లవాడు మళ్ళీ మూట వైపే చూస్తాడు. శిక్ష అనేది పిల్లవాడు నిజంగా పూర్తి చేయగలిగినంతే ఉండాలి, దానికొక చివరి తేదీ ఉండాలి. "ఇకమీద నీకు పాకెట్ మనీ లేదు" అన్నదానికి చివర లేదు, అందుకే దాన్ని రెండో వారంలో మనమే మర్చిపోతాం.

శనివారం పొద్దున వాడు స్నానం చేసి వచ్చి, మూడు పది నోట్లు తనే మూటలో పెట్టాలి. మొదటి వారం అవ్వ ముఖం వైపు చూడలేకపోయాడు. నోట్లు పెట్టి పరుగెత్తాడు. రెండో వారం ఆమె "ముడి నువ్వే వెయ్యి" అంది. వాడు వేసిన ముడి వదులుగా ఉందని విప్పించి, ఎలా వెయ్యాలో చూపించింది. ఆ తర్వాత ఇద్దరూ మామూలుగా మాట్లాడుకున్నారు. దెబ్బలు కొట్టిన రోజు తర్వాత వాడు అవ్వ గదిలోకే పోలేదు, అది గుర్తుపెట్టుకోండి.

మరి మిగతావి? చెల్లిని కొట్టినవాడు ఐస్ తెచ్చి చేతికి పెట్టాలి, ఆ పూట ఆమె చేయాల్సిన పని తను చేయాలి. బాల్‌తో కింది పోర్షన్ వాళ్ళ కుండీ పగిలితే కొత్త కుండీ ధరలో తన వంతు పెట్టుకోవాలి, మట్టి నింపి మొక్క తనే నాటాలి. రాత్రి పదిన్నర తర్వాత దొంగచాటుగా ఫోను చూస్తే, వారం పాటు తొమ్మిదింటికే ఫోను హాల్లో ఛార్జింగుకు వచ్చేయాలి. (మీ ఫోను కూడా అక్కడే పెట్టండి, లేకపోతే ఈ రూలు రెండో రోజే పోతుంది.) హోంవర్క్ చేయకపోతే మీరు కూర్చుని రాయకండి, డైరీలో అబద్ధపు జ్వరం రాయకండి. టీచరుకు జవాబు చెప్పుకోనివ్వండి.

నోటి దురుసు సంగతి వేరు, తిరిగి ఇవ్వడానికి అక్కడ వస్తువంటూ ఏదీ ఉండదు. మా పెద్దోడు ఒకసారి వాళ్ళ అవ్వను ఒక బూతుమాట అన్నాడు. అడిగితే "గంగమ్మ జాతరలో అందరూ అంటారుగా" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు, పక్కకు తిరగాల్సి వచ్చింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు, నిజమే. కానీ ఆ తిట్లకు ఒక వేషం ఉంది, కొన్ని రోజులున్నాయి. వేషం దిగాక ఆ మాటలు ఇంట్లోకి రావు. వాడికి అదే చెప్పాం. ఆ వారమంతా సాయంత్రం అవ్వ మందుల డబ్బా సర్ది, నీళ్ళు అందించి, పది నిమిషాలు ఆమెతో కూర్చోవడం వాడి పని. నోటితో దూరం చేసుకున్న మనిషి దగ్గరికి చేతులతో రావాలి. మొదట రెండు రోజులు మూతి ముడుచుకునే చేశాడు. పర్వాలేదు, సంతోషంగా చేయాలని రూలు లేదు.

ఐదో అడుగు: క్షమాపణ

"సారీ చెప్పు" అంటే "సారీ" అంటారు. బస్సులో కాలు తొక్కినప్పుడు అనే సారీ అది.

మా చిన్నది కింది పోర్షన్ ఆంటీ పూజకని పెంచుకునే కనకాంబరాలన్నీ ఒకరోజు తెంపి బొమ్మకు జడ వేసింది. కిందికి పంపే ముందు నాలుగు ముక్కలు చెప్పుకోవడం నేర్పాను: నేను ఏం చేశాను, దానివల్ల మీకేం ఇబ్బందయింది, ఇప్పుడు నేనేం చేస్తాను, తప్పయింది. గౌను అంచు మెలితిప్పుకుంటూ నిలబడి చెప్పింది: "ఆంటీ, మీ పూలన్నీ నేనే కోశాను. మీకు పూజకు పూలు లేకుండా పోయాయి. ఈ వారం నేనే చెట్లకు నీళ్ళు పోస్తాను. తప్పయింది."

ఇక్కడ ఒక చిక్కుంది. మనవాళ్ళ మంచితనం. పిల్ల నోరు తెరవకముందే "పోన్లేమ్మా, చిన్నపిల్ల, దానికేం తెలుసు" అని దగ్గరికి తీసుకుని లడ్డూ పెట్టేస్తారు. అందుకే నేను ముందే కిందికి వెళ్ళి చెప్పొచ్చాను: "అక్కా, పాప వస్తుంది. పూర్తిగా చెప్పనివ్వండి. నీళ్ళు పోస్తానంటే వద్దనకండి." ఆమె అర్థం చేసుకుంది. వారం రోజులూ మగ్గుతో నీళ్ళు పోయించింది. ఆరో రోజు చిన్నది బద్ధకించి మిద్దె దిగకపోతే కింద నుంచి పేరు పెట్టి పిలిచింది కూడా. ఇలాంటి పక్కింటివాళ్ళు దొరకడం మా అదృష్టం.

మనసులో లేకపోతే బలవంతంగా చెప్పించొద్దు. దిద్దుబాటు పని ఆపకండి, క్షమాపణ మాటను మాత్రం రెండు రోజులు ఆగనివ్వండి.

ఆరో అడుగు: ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట మీదికి తేవడం

నిజం చెప్పాలంటే పిల్లల కంటే ఇదే కష్టం. అమ్మ వద్దన్నది అవ్వ దగ్గర దొరుకుతుంది, అవ్వ ఇవ్వనిది తాత జేబులో ఉంటుంది. ఇద్దరూ లేరంటే నాన్న రాగానే కథ మొదటికొస్తుంది. దీన్ని పిల్లల తెలివి అనుకుంటాం. మనం తెరిచి పెట్టిన సందు అది.

అత్తమామలతో పిల్లల ముందు వాదించొద్దు. పిల్లలు పడుకున్నాక అడగండి. నేను అన్నది ఇంతే: "అత్తమ్మా, ఈ ఐదు వారాలు వాడి చేతికి మీరు డబ్బులివ్వకండి. ముడుపు మీది, కాబట్టి ప్రతి శనివారం లెక్క చూసేది మీరే." ఆమెకు ఒక పని, ఒక పెద్దరికం ఇచ్చాక మధ్యలో కరిగిపోలేదు. తాత మాత్రం మూడో వారం చాటుగా పది రూపాయలు ఇచ్చాడు. వాడు వచ్చి నాకు చెప్పేశాడు. తాతను ఏమీ అనలేదు, వయసు కదా.

"మీ నాన్న రానీ, చెప్తా" అన్న మాట మానేయండి. దానివల్ల మూడు నష్టాలు. అమ్మ మాటకు విలువ పోతుంది, నాన్న ఇంటికి రావడమే భయమవుతుంది, ఈలోపు పిల్లవాడు నాలుగు గంటలు అనవసరంగా వణుకుతాడు. ఎవరు చూస్తే వాళ్ళే మాట్లాడాలి. ఒకరు చెప్పింది రెండోవాళ్ళకు నచ్చకపోతే ఆ రోజుకు ఊరుకుని, రాత్రి తేల్చుకోవాలి.

ఏడో అడుగు: అన్నమాట మీద నిలబడడం

నిలబెట్టుకోలేని బెదిరింపు బెదిరింపే కాదు. మన ఊళ్ళో అందరి నోటా ఉండేది "హాస్టల్లో పడేస్తా". తిరుపతి చుట్టూ హాస్టళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీలూ ఇన్ని ఉన్నాయి కాబట్టి బెదిరింపు నిజంలాగే వినిపిస్తుంది కూడా. ఆ మాటతో చదువును జైలు చేస్తున్నాం. రేపు నిజంగానే ఇంటర్‌కు హాస్టల్లో చేర్చాల్సి వస్తే, ఆ పిల్లవాడు తను చేసిన ఏదో తప్పుకు పంపించేశారనే అనుకుంటాడు. నేను ముడుపు రోజు అన్న ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకే చాలా రోజులు పట్టింది. "అమ్మా, నన్ను ఎప్పుడు పంపిస్తావు?" అని వాడు ఒక రాత్రి మామూలుగా, బ్రష్ చేసుకుంటూ అడిగాడు.

చిన్నది చెప్పండి, చెప్పింది చేయండి. కొత్త రూలు పెట్టిన మొదటి వారం పిల్లలు ఇంకా రెచ్చిపోతారు. ఇంతకుముందు ఏడిస్తే దొరికేది, ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి ఇంకాస్త గట్టిగా ఏడ్చి చూస్తారు. చాలామంది సరిగ్గా అక్కడే లొంగిపోతారు. లొంగితే వాళ్ళు నేర్చుకునేది ఎంత గట్టిగా ఏడిస్తే పని అవుతుందో ఆ కొలతే. ఒక వారం, పది రోజులు ఓర్చుకోండి.

పూర్తయ్యాక ఫైలు మూసేయండి. ఐదు గళ్ళూ నిండాక, పండక్కి వచ్చిన మేనత్త ముందు "వీడు ముడుపు డబ్బులు కొట్టేశాడు తెలుసా" అని చెప్పొద్దు. తీర్చిన బాకీని మళ్ళీ వసూలు చేయడం అది.

కొట్టడం గురించి

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నదాన్ని అందరూ బెత్తానికి సమర్థనగా వాడతారు. మొక్కను కట్టెకు కట్టి రోజూ చూసుకుంటే వంగుతుంది. కొడితే విరుగుతుంది. తోట పని చేసినవాళ్ళెవరినైనా అడగండి.

బడిలో కొట్టడం, మాటలతో హింసించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అయినా పేరెంట్స్ మీటింగుకు వెళ్ళి "రెండు తగిలించండి సార్, మేమేమీ అనుకోం" అనేది మనమే. మనం అనుమతిచ్చినంత మాత్రాన చట్టం మారదు. ఇంట్లో కూడా, తన సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తించేవాళ్ళను 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ నేరస్థులుగానే చూస్తుంది.

చట్టం పక్కనపెట్టినా నా అనుభవం ఒకటే. ఇంట్లో దెబ్బలు మొదలైన ఏడాదే మా పెద్దోడు చెల్లిని కొట్టడం మొదలుపెట్టాడు.

స్కూలు నుంచి ఫోన్ వస్తే

ఇందులో రెండు చివర్లున్నాయి. కొందరు వెళ్ళగానే "మా వాడు అలాంటివాడు కాదు" అంటారు. ఇంకొందరు టీచరు ముందే పిల్లవాడి చెవి మెలిపెడతారు. రెండూ వద్దు. "ఏం జరిగింది మేడమ్, మొదటి నుంచి చెప్పండి" అని అడిగి, పూర్తిగా విని, ఇంటికొచ్చి పిల్లవాడి వైపు కథ వినండి. రెండూ విన్నాక దిద్దుబాటు పనిని టీచరుతో మాట్లాడి పెట్టండి. ఇంకో పిల్లవాడి పుస్తకం చింపితే, ఆ పాఠాలు కొత్త పుస్తకంలో తనే రాసివ్వాలి.

ఇంకో పిల్లను ఏడిపించడం, క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి వెక్కిరించడం లాంటివి ఆటలు అనుకోకండి. ముందు మన పిల్లవాడి చేత ఆ ఫోటో తీయించండి, ఆ పిల్ల తల్లిదండ్రులతో మీరే స్వయంగా మాట్లాడండి. గ్రూపులో మాత్రం పంచాయితీ వద్దు. అక్కడ పిల్లల తగాదా పది నిమిషాల్లో తల్లుల తగాదా అవుతుంది, తర్వాత పిల్లలు కలిసిపోతారు, తల్లులు కలవరు.

బండి తాళం: ఇక్కడ జవాబుదారీ మనదే

సాయంత్రం అలిపిరి వైపు బైపాస్ రోడ్డు మీద నిలబడి చూడండి. మీసాలు కూడా రాని పిల్లలు ముగ్గురేసి స్కూటీల మీద దూసుకుపోతుంటారు. "ట్యూషన్ దూరం" అని తాళం ఇచ్చింది ఇంట్లోవాళ్ళే.

లైసెన్సుకు 18 నిండాలి. గేర్లు లేని 50 సీసీలోపు బండికి మాత్రం 16. మనం రోజూ చూసే స్కూటీలు 100 సీసీ పైమాటే, వాటికి ఆ వెసులుబాటు వర్తించదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నానని రుజువు చేసుకోవాల్సింది ఆ పెద్దమనిషే.

తాళం మీద కూర్చోవడం తప్ప దీనికి వేరే టెక్నిక్ లేదు. చాటుగా తీస్తే తాళం బీరువాలోకి వెళుతుంది, పిల్లవాడు నెల రోజులు సిటీ బస్సులోనో సైకిల్ మీదో వెళతాడు. "అందరూ నడుపుతున్నారు" అంటాడు. అననివ్వండి.

మనం తప్పు చేసినప్పుడు

అప్పులవాడు ఫోన్ చేస్తే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అంటాం. రాంగ్ రూట్లో వెళుతూ, వెనక కూర్చున్న పిల్లతో "పోలీసు ఉన్నాడేమో చూడు" అంటాం. ఇవి చూస్తూ పెరిగే పిల్లకు ముడుపు గురించి ఎంత చెప్పినా ఎక్కదు.

ముడుపు గొడవ తర్వాత మా ఆయన కొట్టినందుకు వాడికి తప్పయిందని చెప్పాడు. అది ఆయనకు ఎంత కష్టమయిందో నేను చూశాను. టీవీ వైపు చూస్తూనే చెప్పాడు. వాడూ టీవీ వైపు చూస్తూనే "సరే నాన్నా" అన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి మ్యాచ్ చివరిదాకా చూశారు.

ఇంటి పద్ధతులకు లొంగనివి

తరచూ దొంగతనం, జంతువులను హింసించడం, తనను తాను గాయపరుచుకోవడం, రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఉన్నట్టుండి బడికి పోనని మొండికేయడం కనిపిస్తే దిద్దుబాటు పనులు పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. ప్రవర్తన వెనక భయమో, బయట ఎవరో పెడుతున్న హింసో, జబ్బో ఉండొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు ఆపద ఉందనిపిస్తే 1098.

ఇక మా ముడుపు సంగతి. ఐదో శనివారం చివరి గడిలో టిక్కు పెట్టి, మూట ముడివేసి, వాడు లేచాడు. "వడ్డీ ఏదిరా?" అంది మా అత్తమ్మ. "వడ్డీ ఏంటవ్వా?" "ఆయన పేరేంటి? వడ్డికాసులవాడు. ఐదు వారాలు ఆయన డబ్బు వాడుకున్నావు, ఊరికే పోతుందా?" ఎంత అని అడిగితే పదకొండు రూపాయలంది. ఏ లెక్కన పదకొండు వచ్చిందో ఆమెకే తెలియాలి. వాడు నా వైపు చూశాడు. నేను మిషన్ మీద నుంచి తలెత్తలేదు.

ఆ నెలాఖరున అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్ళాం. 3,550 మెట్లు, మూట వాడి భుజం మీదే. గాలిగోపురం దగ్గర కూర్చుని మజ్జిగ తాగుతుంటే నా పక్కకు జరిగి, "అమ్మా, ఆ పదకొండు అప్పివ్వవా" అన్నాడు. ఇచ్చాను. ఇంటికొచ్చాక నోటుబుక్కు వెనక పేజీలో వాడే ఇంకో గడి గీశాడు.